దర్జీ ప్యాంటు వదులు కాదు

కొట్టు, కుట్టుమిషను ముందు

బొంగరానికి,

నువ్వు మీ ఆసుపత్రిలో కడుపు క్యాన్సర్ల విభాగానికి పెద్దవయ్యావని మీ వదిన వీధి వీధంతా చాటింపు వేసేసింది. మందుల షాపాయనకి చెప్పింది, పాల దుకాణం ఆవిడకి చెప్పింది, చొక్కా కొలతలివ్వడానికి వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పింది. ఆయన పాపం "అలాగాండీ, చేతులు కాస్త పొడుగు పెట్టండి" అని వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఏమీ పట్టనట్టు మిషను తొక్కుతూ కూర్చున్నాను. లోపల ఎంత పొంగిపోయానో నీకు వేరే చెప్పాలా?

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నా మాట సగంలో ఉండగానే నువ్వు జవాబు చెప్పేస్తావు. పైగా ఈ మిషను మోతకి నా చెవులు ఏనాడో మొద్దుబారాయి. ఉత్తరంలో అయితే నా మాట పూర్తయ్యేదాకా నోరు మూసుకుని చదవాల్సిందే కదా, ఎంత పెద్ద డాక్టరువైనా.

అసలు సంగతి. చదువుకునే రోజుల నుంచీ నీ తెల్లకోట్లన్నీ నేనే కుట్టాను. ఇప్పుడీ కొత్త హోదాకి కొత్త కోటు కుడతాను. కొలతలు పంపు. పాతవి నా దగ్గర ఉన్నాయి గానీ, మొన్న నువ్వొచ్చినప్పుడు చూశాను, నడుము దగ్గర కాస్త... సరే, ఇంతటితో ఆపుతాను, నా ప్రాణం నాకు తీపి. జేబులు ఎప్పటిలా లోతుగా పెడతాను. లోపల చేతిరుమాలు జేబు కూడా ఉంటుంది. నీ ముందు ఏడ్చేవాళ్ళకి నీ రుమాలు ఇచ్చేసి, ఇంటికొచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటావని బావగారు చెప్పారు.

నేను మాత్రం నీలా కాదమ్మా, సన్నబడ్డాను. ఈ ఏడాది నా ప్యాంట్లన్నిటికీ మూడోసారి నడుము బిగించాను. "పెళ్ళినాటి కొలతకొచ్చేశారు" అని మీ వదిన మురిసిపోతోంది. చొక్కాలు కూడా పక్కలు లోపలికి పట్టాను. సొంత మిషను ఉన్నవాడికి దిగులేముంది, ఎంత తగ్గినా కొత్త పెళ్ళికొడుకులానే ఉంటాను.

కొలతలు మరిచిపోకు. అబద్ధం కొలతలు పంపకు, నాకు తెలిసిపోతుంది.

మీ అన్నయ్య


ఆసుపత్రి, నా కొత్త గది

అన్నయ్యా,

ముందు నా గది గురించి చెప్పనీ, లేకపోతే నాకు నిద్ర పట్టదు. కిటికీ ఉంది. అందులోంచి చూస్తే కార్లు నిలిపే చోటు, దాని వెనక ఇంకో గోడ. నాకంటే ముందున్న పెద్దాయన ఆరడుగుల మనిషి. ఆయన కుర్చీలో కూర్చుంటే నా కాళ్ళు నేలకి అందవు. అందరూ వెళ్ళిపోయాక చెప్పులు విడిచి, కాళ్ళూపుకుంటూ రిపోర్టులు చూసుకుంటున్నాను. పెద్ద డాక్టరమ్మ దర్జా అంతా ఇదీ.

అయినా గర్వంగానే ఉంది. ఎందుకుండకూడదు? కత్తి పట్టకుండా మందులతో క్యాన్సర్ వైద్యం చేసే డాక్టర్నవుతానంటే ఇంట్లో ఎంత రాద్ధాంతం జరిగిందో గుర్తుందా? కోయని డాక్టరేం డాక్టరన్నాడు నాన్న. అందులోనూ కడుపు, పేగులు, కాలేయం అనేసరికి, అన్నం ముందు ఆ మాటలొద్దంది అమ్మ. నువ్వొక్కడివే "దాని బట్ట, దాని ఇష్టం, దాన్నే కత్తిరించుకోనీండి" అన్నావు. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఈ జబ్బులతో వచ్చినవాళ్ళని సెలైను పెట్టి ఇంటికి పంపేసేవాళ్ళు. ఇప్పుడు నా దగ్గర మందు తీసుకుని, ఆపరేషను చేయించుకుని, మనవల్ని బడిలో దింపేసి వచ్చి పరీక్షలు చేయించుకుని వెళ్ళేవాళ్ళున్నారు. అందరూ కాదు. పోయినవాళ్ళూ చాలామందే, వాళ్ళ మొహాలు కూడా గుర్తే. కానీ ఏ మందు ఎవరికి పడుతుంది, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది నాకు తెలుసు. ఈ పని నాకు బాగా వచ్చు అన్నయ్యా. ఈ మాట నీ దగ్గర కాక ఇంకెక్కడ అనగలను?

ఇక నీ సంగతి. నీ ఉత్తరం నవ్వుకుంటూ చదువుతున్నదాన్ని, ఒక ముక్క దగ్గర ఆగిపోయాను.

నా దగ్గరికి వచ్చే ప్రతి మనిషినీ నేను మొదట ఏమడుగుతానో తెలుసా? బరువెంత అని కాదు. బరువు ఎవరూ చూసుకోరు. "మీ బట్టలు వదులయ్యాయా?" అని అడుగుతాను. బెల్టుకి కొత్త కన్నం పొడిచానంటారు, జాకెట్టు భుజం మీంచి జారిపోతోందంటారు. అక్కడ మొదలవుతుంది నా పని. ఒళ్ళు తగ్గితే ఎవరికైనా ముందు బట్టలే చెబుతాయి. పక్కనున్నవాళ్ళు చూసి, ఏంటిలా అయిపోయావు, డాక్టరు దగ్గరికి పద అంటారు. నీకు ఆ మాట అనే దిక్కు లేకుండా చేసుకున్నావు కదరా దేవుడా! ఒళ్ళు తగ్గినప్పుడల్లా నువ్వు మిషనెక్కి బట్టలు సరిచేసేస్తుంటే వదినకెలా తెలుస్తుంది? నీ ఒంటిమీద బట్ట ఎప్పుడూ అతికినట్టే ఉంటుంది.

నీళ్ళు నమలకుండా జవాబు చెప్పు. కావాలని తిండి తగ్గించావా? నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టవుతోందా? తిన్నది గుండెల దగ్గర ఆగినట్టుంటోందా?

కొలతలు పంపను. నువ్వు జవాబు రాసేదాకా కోటు లేదు, ఏమీ లేదు.

నీ చెల్లెలు


కొట్టు, మధ్యాహ్నం, షట్టరు సగం దించి

బొంగరానికి,

ఒక ప్యాంటు సంగతి రాస్తే ఒంటికాలి మీద లేచావు. వయసు మీద పడుతోంది, తగ్గుతాం. దానికింత హంగామానా?

అని రాసి, సంతకం పెట్టి, కవరు కూడా అంటించాను. తర్వాత మళ్ళీ చింపాను. అబద్ధం కొలతలు పంపకు అని నీకు రాసినవాణ్ణి, నేనెలా పంపను?

కావాలని తగ్గించలేదు. అన్నం దిగడం లేదు. మెత్తగా పిసికి తింటే దిగుతుంది, గట్టిది ఏది తిన్నా ఇక్కడ, రొమ్ము ఎముక వెనకాల, ఆగుతుంది. నీళ్ళు తాగితే కిందికి జారుతుంది, లేదా పైకొస్తుంది. మీ వదినకి తెలియదు. మధ్యాహ్నం డబ్బా కొట్టుకే వస్తుంది కదా, సగం వెనక సందులో కుక్కకి పెడుతున్నాను. ఆ కుక్క బాగా బలిసింది.

భయమేసింది, అందుకే ఎవరికీ చెప్పలేదు. నీకసలే చెప్పకూడదనుకున్నాను. నీకు చెబితే అది నిజమైపోతుందనిపించింది. ఎంత తెలివితక్కువ మాటో రాస్తుంటే తెలుస్తోంది.

ఇప్పుడు చెప్పు, ఎక్కడికి వెళ్ళమంటావు? మీ ఆసుపత్రికే వచ్చేస్తాను. రైలు టికెట్ తీయించనా?

మీ అన్నయ్య


ఇల్లు, వంటగది బల్ల దగ్గర

అన్నయ్యా,

ఫోన్లో నేను చెప్పగానే మీ ఊరి పెద్దాసుపత్రికి వెళ్ళి, నోట్లోంచి గొట్టం వేయించుకుని, ముక్క పరీక్షకిచ్చి, స్కాన్ తీయించుకున్నావు. పేచీ పెట్టకుండా చేశావు కాబట్టి నేనూ తిన్నగా చెబుతాను.

క్యాన్సరే. అన్నం దిగే గొట్టం కడుపులో కలిసేచోట గడ్డ ఉంది. కాలేయం బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. గడ్డ పక్కనున్న గ్రంథుల్లో కొంచెం అనుమానం ఉంది. దీన్ని నయం చేయాలనే మొదలుపెడతారు, ఏదో ఉపశమనానికి కాదు. నయమవుతుందని మాటివ్వలేను, అలా ఎవరికీ ఇవ్వను. కానీ ఇలాంటివి చాలా చూశాను, ఇది గెలవగలిగే పోరాటమే. రిపోర్టు చదివాక గంటసేపు బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. బయటికొచ్చాక కూడా నా అభిప్రాయం మారలేదు. గెలవగలిగేదే.

ముందు కొన్ని విడతలు కీమో, తర్వాత ఆపరేషను, ఆ తర్వాత మళ్ళీ కొన్ని విడతలు. "గడ్డ కనబడుతోంది కదా, ముందే కోసి పారేయొచ్చుగా" అంటావని తెలుసు. కొత్త బట్ట తెస్తే నువ్వేం చేస్తావు? ముందు నీళ్ళలో నానబెడతావు. కుదించుకోవాల్సినంత కుదించుకోనిచ్చి, ఆరేసి, ఆ తర్వాత కదా కత్తెర పట్టుకుంటావు? తడపకుండా కత్తిరించినవాడి చొక్కా మొదటి ఉతుకుకే ఏమవుతుందో చిన్నప్పుడు నాకు గంటలు గంటలు చెప్పావు. ఇక్కడా అంతే. మందుతో గడ్డని కుదించి, ఒంట్లో ఎక్కడైనా దాక్కున్న కణాలని కూడా చంపి, అప్పుడు కోస్తారు.

ఇక నీకు నచ్చని ముక్క. నువ్వు నా దగ్గరికి రావద్దు. మీ ఊరి ఆసుపత్రిలోనే నా శిష్యురాలుంది. నా దగ్గర ఐదేళ్ళు పని నేర్చుకుంది. నీ వైద్యం తను చేస్తుంది, నేను చేయను.

వదినకి ఈ రోజే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను.

నీ చెల్లెలు


కొట్టు

డాక్టరుగారికి,

నమస్కారం. ఊళ్ళో వాళ్ళందరికీ మీరు డాక్టరు. ముక్కూమొహం తెలియనివాళ్ళకి మీ రుమాలు ఇస్తారు. సొంత అన్నకి మాత్రం శిష్యురాలు. బాగుంది.

ఆ పిల్లని చూసొచ్చాను. మాటకీ మాటకీ మధ్య ఒక కునుకు తీయొచ్చు, అంత నిదానం. మా అమ్మాయి వయసుంటుంది. కళ్ళజోడు ముక్కు మీంచి జారుతుంటే ఎగదోసుకోవడానికే సగం పొద్దు పోతుంది. నా ప్రాణం ఆవిడ చేతిలో పెట్టమంటావా?

నాకు నువ్వు కావాలి. నిన్ను భుజం మీద ఎక్కించుకుని బడికి మోసింది ఇందుకోసం కాదు, ఒప్పుకుంటాను, కానీ మోశాను కదా. నువ్వు చేస్తే చేయించుకుంటాను. లేకపోతే నాకే వైద్యమూ వద్దు. చేతి నిండా పని ఉంది, కుట్టుకుంటూ కూర్చుంటాను.

ఇట్లు,
దర్జీ


ఆసుపత్రి, నా గది

దర్జీగారికి,

అలిగారా? అలగండి. అన్నం దిగకపోయినా అలక మాత్రం బాగానే దిగుతున్నట్టుంది.

ఒక సంగతి అడుగుతాను, బుర్ర చల్లబరుచుకుని జవాబు చెప్పు. నా గౌన్ల నుంచి నా కోట్ల దాకా అన్నీ నువ్వే కుట్టావు. మరి నా పెళ్ళి బట్టలు పక్కవీధి దర్జీకి ఎందుకిచ్చావు? నేను నెల రోజులు నీతో మాట్లాడలేదు, గుర్తుందా? అప్పుడు నువ్వేమన్నావు? "నీ పెళ్ళి బట్ట మీద కత్తెర పెడితే నా చెయ్యి వణుకుతోందే, పాడుచేస్తాను. వాడికి నువ్వెవరో తెలియదు, వాడు బాగా కుడతాడు" అన్నావు. కుట్టాడు కూడా. ఆ కుట్టుకి నువ్వు వంక పెట్టలేకపోయావు.

ఇప్పుడు నాదీ అదే పరిస్థితి. మందు ఎంత వేయాలి, ఈ వారం వేయాలా ఆపాలా, ఇలాంటివి రోజూ వందమందికి నిర్ణయిస్తాను, రెప్ప కూడా వేయను. నీ విషయంలో నా చెయ్యి వణుకుతుంది. నువ్వు వాంతి చేసుకుంటే జాలిపడి తగ్గిస్తానేమో. గడ్డని చూసి భయపడి ఎక్కువ వేస్తానేమో. రెండిట్లో ఏది చేసినా నష్టం నీకే. నేను గొప్ప డాక్టర్నే, నువ్వు నా అన్నయ్యవి కానంతవరకూ.

నా శిష్యురాలు నిదానమే. నా దగ్గర చేరిన కొత్తలో నేనూ విసుక్కున్నాను. ఆ నిదానంలో తను ఏం చేస్తుందంటే, వింటుంది. నాకు ఆ ఓపిక లేదని నువ్వే రాశావు.

నాకు భయంగా ఉంది అన్నయ్యా. నువ్వు వైద్యం వద్దని మొండికేస్తే ఏం చేయాలో నాకు తెలియదు. నన్ను భుజాన మోసినవాడివి, ఇప్పుడు నా మాట వినరా అని కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

ఇంకొకటి. ఈ రోజు నుంచి నీ బట్టల మీద నువ్వు సూది పెట్టకూడదు. వదులైతే వదులుగానే వేసుకో. నీ ఒంట్లో ఏం జరుగుతోందో చూసే హక్కు నీ చుట్టూ ఉన్నవాళ్ళకి ఉంది.

నీ చెల్లెలు


ఇల్లు, ముందు గది, కిటికీ పక్క మంచం

బొంగరానికి,

పెళ్ళి బట్టల మాట ఎత్తి నా నోరు నొక్కేశావు. అది నీకింకా గుర్తుంటుందనుకోలేదు. సరే, మొదలుపెట్టాం. రెండు విడతలు అయ్యాయి.

ముందు మీ వదిన సంగతి. చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నమ్మలేదు. గోడకి వేలాడుతున్న టేపు తీసి నా నడుం చుట్టూ పట్టింది. అంకె చూసి టేపు పట్టుకునే కింద కూర్చుండిపోయింది. "నేను ఇస్త్రీ చేసిన ప్యాంట్లేనా ఇవి, నాకెందుకు తెలియలేదు" అంది. ఆ మాటకి నేను ఏడ్చాను. తర్వాత లేచి ఇంట్లోనూ కొట్లోనూ ఉన్న నా ప్యాంట్లన్నీ పట్టుకెళ్ళి తన పెట్టె పక్కన పేర్చింది. ఏ రోజు ఏది వేసుకోవాలో తనే తీసిస్తుంది. నా మంచి సూదుల డబ్బీ ఆ పెట్టెలోనే పెట్టి తాళం వేసింది. కొట్లో జనం బట్టలకి మామూలు సూదులు ఉంచింది. ఆ కుక్క సంగతి కూడా చెప్పేశాను. దాని మీద కోపం ఇంకా తగ్గలేదు.

మందెక్కించే గది పొడుగ్గా ఉంటుంది. వరసగా కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు. నా పక్క కుర్చీలో ఒక బస్సు డ్రైవరు, ఆయనకి పేగులో. సీసాలు ఎక్కుతున్నంతసేపూ ఇద్దరం రాజకీయాలు మాట్లాడుకుంటాం. ఆయనకి నా పార్టీ గిట్టదు, నాకు ఆయన పార్టీ గిట్టదు, అందుకే పొద్దు తొందరగా గడుస్తుంది. ఆఖరి మందు చిన్న సీసాలో పెట్టి నడుముకి కట్టి ఇంటికి పంపుతారు, మర్నాడు వెళ్ళి తీయించుకోవాలి. జుట్టు ఊడిపోయింది. గుండు బాగానే ఉందని డ్రైవరు అన్నాడు, ఆయనది నాకంటే గుండ్రంగా ఉంది.

నీ శిష్యురాలు నిదానమే గానీ, మొదటి రోజే "ఏం పని చేస్తారు?" అని అడిగింది. దర్జీనన్నాను. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది. ఈ మందుల్లో ఒకటి వేళ్ళకి తిమ్మిరి తెస్తుందట. చల్లనివి ముట్టుకోవద్దంది. సూది పట్టు తెలియకపోతే ఆ రోజే చెప్పాలంది. ఎగదోసుకుంటే ఎగదోసుకోనీ, ఆ కళ్ళజోడు నాకిప్పుడు అలవాటైపోయింది.

ప్యాంట్లు వదులుగానే వేసుకుంటున్నాను, ఒట్టు. బెల్టుతో బిగిస్తే నడుం చుట్టూ గుడ్డలమూట కట్టినట్టుంది. కొట్టుకొచ్చినవాళ్ళు నన్ను పైనుంచి కిందికి చూస్తున్నారు. ఒకాయన "మీరెవరి దగ్గర కుట్టించుకుంటారండీ?" అని కూడా అడిగాడు. ఇన్నేళ్ళ పరువు గంగలో కలిసింది. అయితే చూసినవాళ్ళు ఊరుకోవడం లేదు. పాల దుకాణం ఆవిడ రోజూ వచ్చి కూర్చుని, నేను గ్లాసెడు తాగేదాకా కదలదు. నువ్వన్నది నిజమేనేమో.

మీ అన్నయ్య


కొట్టు

బొంగరానికి,

ఇది నవ్వులాట ఉత్తరం కాదు.

మూడో విడత తర్వాత వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. మొదట చల్లటి గ్లాసు ముట్టుకుంటేనే ముళ్ళు గుచ్చుకునేవి. తర్వాత ఊరికే ఉన్నా అలాగే. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఎందుకంటావా? చెబితే మందు తగ్గించేస్తారు, తగ్గిస్తే గడ్డ తగ్గదు, నువ్వు చెప్పిన ఆపరేషను జరగదు. ప్రాణమా వేళ్ళా అంటే ప్రాణమే కదా అని నోరు మూసుకున్నాను.

నిన్న ఒక పసిపిల్లకి గౌను కుట్టాను. అంచుకి చేత్తో పని. పూర్తి చేసి మడత పెట్టి వాళ్ళమ్మకి ఇవ్వబోతూ చూసుకుంటే సూది లేదు. నా వేళ్ళలో ఉందనుకున్నాను. వేళ్ళకి తెలియలేదు. గౌను మెడ దగ్గర పట్టీలో ఉండిపోయింది. అయస్కాంతం పెట్టి తీశాను. ఇన్నేళ్ళలో నా బట్టలో సూది వదల్లేదు నేను. ఆ పిల్ల మెడ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

షట్టరు దించి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి అంతా చెప్పేశాను. నీ శిష్యురాలు తిట్టలేదు. నా చేత గుండీ పెట్టించింది, కళ్ళు మూసి నాణెమా గుండీయా చెప్పమంది. చాలాసేపు ఆలోచించింది. ఆ ఒక్క మందు ఆపేసి మిగతావి కొనసాగిస్తానంది. దానివల్ల గడ్డ మీద పట్టు పెద్దగా తగ్గదని తన నమ్మకమట, అయితే రూఢిగా చెప్పలేనంది. వేళ్ళు మాత్రం ఇప్పుడు ఆపకపోతే తిరిగి రాకపోవచ్చట.

నేను సరేనన్నాను. ఇంటికొచ్చినప్పటి నుంచీ మనసు మనసులో లేదు. నిజం చెప్పు. నువ్వయితే ఏం చేసేదానివి?

మీ అన్నయ్య


ఇల్లు, వంటగది బల్ల దగ్గర

అన్నయ్యా,

నిజం అడిగావు కాబట్టి నిజమే చెబుతాను. నేనయితే ఆపేదాన్ని కాదు.

నీ ఉత్తరం చదవగానే నాకు నీ వేళ్ళు కనబడలేదు. గడ్డ ఒక్కటే కనబడింది. ఇంకొక్క విడత లాగించేద్దాం, వేళ్ళదేముంది అనుకునేదాన్ని. నా శిష్యురాలికి ఆపొద్దని చెప్పడానికి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. మీ బావగారు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. "ఇదే వేరే దర్జీ అయితే?" అన్నారు. ఫోన్ పక్కన పెట్టేశాను.

వేరే దర్జీ అయితే నేనూ ఆపేదాన్నే అన్నయ్యా. సరిగ్గా తను చేసిందే చేసేదాన్ని. తను నీ ప్రాణమూ చూసింది, ఆ ప్రాణంతో తర్వాత నువ్వు ఏం చేస్తావన్నదీ చూసింది. భయంలో నాకు ఒకటే కనబడింది. నీ వైద్యం నేనెందుకు చేయనన్నానో అప్పుడు చెప్పాను గానీ, అది ఎంత నిజమో నాకే ఈ రోజు తెలిసింది. తను చేసింది సరైనదే. మనసు కుదుటపరుచుకో.

ఇంకో మాట. పని గురించి ఇప్పుడు నేను కూడా ముందే అడుగుతున్నాను. నిన్న ఒకావిడ టైలరింగ్ అంది. మీ బట్టలు ఈ మధ్య మీరే బిగించుకున్నారా అని అడిగితే, మీకెలా తెలుసని కళ్ళు పెద్దవి చేసింది. ఇంటిగుట్టు అని చెప్పలేదు.

ఈ ఉత్తరం మడిచి కవర్లో పెడుతుండగా నీ డాక్టరమ్మ ఫోన్ చేసింది. నా శిష్యురాలే గానీ, ఇప్పుడు తను నీ మనిషే అనుకో. స్కాన్ వచ్చిందట, నీకూ చెప్పేసిందట. గడ్డ సగానికి పైగా కుదించుకుపోయింది. గ్రంథులు కూడా చిన్నవయ్యాయి. బట్ట బాగా నానింది అన్నయ్యా, ఇక కత్తెరే. నేను వంటింట్లో గెంతాను, మీ బావగారి చేతిలో టీ ఒలికింది.

ఆపరేషనుకి వస్తాను. మెళ్ళో స్టెతస్కోపు లేకుండా వస్తాను.

నీ చెల్లెలు


ఇల్లు, ముందు గది, మిషను ముందు

బొంగరానికి,

ఆపరేషనై ఇంటికొచ్చాక నీకు రాసినవన్నీ రెండేసి ముక్కల చీటీలే. చెయ్యి ఆడేది కాదు, మనసూ ఆడేది కాదు. ఈ రోజు తీరిగ్గా రాస్తున్నాను.

ఆపరేషను రోజు సంగతి మీ వదిన ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. పొద్దుటి నుంచి నువ్వు తన పక్కన బెంచీ మీద కూర్చున్నావట, చల్లారిపోయిన కాఫీ కప్పు పట్టుకుని. సర్జనుగారు బయటికొచ్చి నిన్ను గుర్తుపట్టి నీతో ఏదో ఇంగ్లీషులో మొదలుపెడితే, "నాకు కాదండీ, మా వదినకి చెప్పండి, తెలుగులో చెప్పండి" అన్నావట. ఆయన చెప్పాక ఆసుపత్రి మొత్తం చూస్తుండగా వదిన భుజం మీద పడి బావురుమన్నావట. పెద్ద డాక్టరమ్మకి రుమాలు ఇచ్చింది ఎవరో తెలుసా? కళ్ళజోడు ఎగదోసుకుంటూ నా డాక్టరమ్మ.

మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి నువ్వు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నావు. నాడి చూడలేదు, చార్టు చూడలేదు, నా పాదాలు పట్టుకుని ఊరికే కూర్చున్నావు. అప్పటికి గానీ నా కోపం పూర్తిగా పోలేదు. ఆ రోజు నువ్వు డాక్టరువై ఉంటే నా పాదాలు ఎవరు పట్టుకునేవారు?

తర్వాతి విడతలూ అయిపోయాయి. కోసిన అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని అప్పుడే చెప్పారు, మొన్నటి స్కాన్లోనూ ఏమీ లేదట. మళ్ళీ రాదని మాటివ్వలేనంది డాక్టరమ్మ. మా చెల్లెలు నేర్పిన మాటే కదా అన్నాను, నవ్వింది. చిన్న గిన్నెలో కొంచెం కొంచెం, పిల్లాడిలా రోజుకి ఎన్నోసార్లు తింటున్నాను. గట్టి రొట్టె కూడా దిగుతోంది. కుక్క చిక్కిపోయింది, పాపం.

బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ వచ్చింది. మిగతావి ఇంకా బద్ధకంగానే ఉన్నాయి. ఆ రెండు చాలు నాకు, సూది పట్టుకునేది వాటితోనే.

నీ కోటు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కొలతలు నువ్వు పంపనే లేదు, నువ్వు నా పాదాలు పట్టుకుని కూర్చున్న రోజున కళ్ళతోనే కొలిచాను. నడుము దగ్గర రెండు వేళ్ళు వదిలాను, కోప్పడకు. కాజాలన్నీ చేత్తోనే వేశాను. రుమాలు జేబులు రెండు పెట్టాను, ఒకటి వాళ్ళకి, ఒకటి నీకు.

అసలు సంగతి చివరికి ఉంచాను. పొద్దున్న మీ వదిన తీసిచ్చిన ప్యాంటు వేసుకోబోతే గుండీ పెట్టుకోవడానికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. ఉతుకులో కుదించుకుపోయిందేమోననుకున్నాను. నా బట్ట, నేను నానబెట్టి కుట్టింది, ఎలా కుదించుకుంటుంది? మీ వదినని పిలిచాను. చూసింది. లోపలికెళ్ళి పెట్టె తాళం తీసి నా సూదుల డబ్బీ తెచ్చి చేతిలో పెట్టింది. దారం తను ఎక్కించబోయింది, వద్దన్నాను. రెండుసార్లు తప్పింది, మూడోసారి ఎక్కింది.

బిగించినప్పుడు లోపల మిగిలిన బట్ట నేను కత్తిరించలేదు, మడిచి కుట్టి వదిలేశాను. ఎందుకు కత్తిరించలేదంటే చెప్పలేను, చెయ్యి రాలేదు. ఇప్పుడు పై కుట్టు విప్పి, కొంచెం బయటికి తీసి మళ్ళీ కుట్టాను. ఇంకా రెండు కుట్లున్నాయి విప్పాల్సినవి. తొందరేం లేదు, బట్ట ఉంది.

నా ప్యాంటు బిగుతైందే, బొంగరం!

మీ అన్నయ్య